అడివి ఆకలీ, మనిషి ఆకలీ ఒకటే

 

నేను క్రైస్తవ విశ్వాసిని. మీలో చర్చికి వెళ్లేవాళ్లున్నారు, ఊరి దేవతకు మొక్కేవాళ్లూ ఉన్నారు. నేను చెప్పే మాట అందరిదీ. అడివిని కాపాడటం, పేదను ఆదుకోవడం వేరు వేరు పనులు కావు.

బైబిల్లో లేవీయకాండం 19వ అధ్యాయం రైతుకు ఒక కట్టడి పెట్టింది. చేను అంచుల దాకా కోయకూడదు, రాలిన పరిగె ఏరుకోకూడదు. అది పేదలకూ పరదేశులకూ వదలాలి. నిర్గమకాండం 23వ అధ్యాయం ప్రకారం ఏడో ఏట భూమిని బీడుగా వదలాలి. దానంతట పండింది పేదలు తినాలి, మిగిలింది అడవి జంతువులు తినాలి. నేలకు విశ్రాంతి, పేదకు తిండి, జంతువుకు మేత, మూడూ ఒకే ఆజ్ఞలో ఉన్నాయి.

మన యానాది పెద్దలకు ఇది కొత్త కాదు. కోతలయ్యాక పొలం గట్లలో ఎలుక కలుగులు తవ్వి, ఎలుకల్ని పట్టి, అవి దాచిన వెన్నులు తెచ్చుకునేవాళ్లు. రైతుకు ఎలుకల బెడద తగ్గేది, మన ఇంట్లో పొయ్యి వెలిగేది. ఎలుకల మందు అవసరం పడలేదు.

ఇప్పుడు మన శేషాచలం చూడండి. ఎర్రచందనం సహజంగా పెరిగేది ముఖ్యంగా ఈ కొండల్లో, వీటి చుట్టుపక్కలే. 2015 ఏప్రిల్ 7న ఈ అడివిలో పోలీసు కాల్పుల్లో 20 మంది తమిళనాడు కూలీలు చనిపోయారు. వారిలో పలువురు గిరిజనులు. ఎదురుకాల్పులని పోలీసులన్నారు, కాదని హక్కుల సంఘాలన్నాయి. దుంగలు సరిహద్దులు దాటి ఎవరినో ధనవంతుల్ని చేశాయి. గొడ్డలి పట్టినవాళ్ల ఇళ్లకు శవాలు చేరాయి.

అదే ఏడాది పోప్ ఫ్రాన్సిస్ 'లౌదాతో సీ' అనే లేఖ వెలువరించారు. భూమి మొర, పేదల మొర కలిపి వినాలన్నది అందులోని సారం. శేషాచలంలో ఆ రెండు మొరలూ ఒకేచోట వినిపించాయి. చెట్టు కోసం బాధపడి కూలీని మరిచిపోతే మన విశ్వాసం సగమే. కూలీ మీద జాలితో అడివిని వదిలేసినా అంతే. అడివి పోతే వాగులు ఎండుతాయి, ముందు దప్పికయ్యేది పేదవాడి ఇంట్లోనే.

తమ్ముళ్లారా, ఒక్క రాత్రి పనికి పెద్ద కూలి ఇస్తామని పిలిచేవాళ్లుంటారు. వెళ్లొద్దు. అప్పులపాలై ఆ దారి పట్టే స్నేహితుణ్ణి వెలివేయొద్దు, వేరే పని చూపించండి. 2006 అటవీ హక్కుల చట్టం చదవండి. అడివినే నమ్ముకుని అక్కడ బతికే గిరిజనులకు తేనె లాంటి అటవీ ఫలసాయం సేకరించి అమ్ముకునే హక్కు అందులో ఉంది. అడివిని కాపాడే అధికారం కూడా గ్రామసభకు ఇచ్చింది. చదువుకున్న చెల్లెళ్లు పెద్దల పక్కన కూర్చుని ఆ దరఖాస్తులు రాసిపెట్టండి. అది కూడా దేవుని సేవే.