తరగతికి ముగ్గురు



మన వార్డు కౌన్సిలర్ ఎవరంటే మీరు టక్కున చెబుతారు. మీ పిల్లలు చదివే మున్సిపల్ స్కూలు కమిటీ ఛైర్మన్ ఎవరని అడిగితే ఈ హాల్లో ఎన్ని చేతులు లేస్తాయో నాకు తెలుసు, అందుకే అడగను. అలాంటి కమిటీ ఒకటుంది, దానికి ఎన్నిక జరుగుతుంది, బడిలో పిల్లలున్న ఎవరైనా పోటీ చేయవచ్చు. ఇవాళ చెప్పదలుచుకున్నది దాని గురించే.

అమెరికాలో స్కూల్ బోర్డు ఎన్నికలంటే పెద్ద హడావుడి. గెలిచినవాళ్లు సూపరింటెండెంట్‌ను నియమిస్తారు, బడ్జెట్ ఆమోదిస్తారు, చాలా రాష్ట్రాల్లో బడి కోసం పన్ను కూడా వేస్తారు. అక్కడ స్థిరపడ్డ మన తెలుగువాళ్లూ వాటికి నిలబడుతున్నారు. మన కమిటీకి అంత బలం లేదు. టీచర్ను నియమించలేదు, తీసేయలేదు, బదిలీ చేయించలేదు. అలాగని ఉత్సవ విగ్రహమూ కాదు. కాకపోతే మనమే దాన్ని అలా చేసి కూర్చోబెట్టాం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లోనే విద్యా కమిటీల చట్టం వచ్చింది. అప్పుడు బడికి నలుగురు తల్లిదండ్రులు. తర్వాత 2009 విద్యాహక్కు చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. అందులో 21వ సెక్షన్ మీకోసమే రాశారు. కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు. మన ఆంధ్రప్రదేశ్ నిబంధనల ప్రకారం తరగతికి ముగ్గురు చొప్పున ఎన్నుకోవాలి. అయిదో తరగతి వరకున్న బడిలో 15 మంది, ఎనిమిది వరకుంటే 24 మంది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు ఆడవాళ్లు. ఎస్సీ, ఎస్టీలవంటి వర్గాల నుంచి ఒకరు, బలహీన వర్గాల నుంచి ఒకరు తప్పనిసరి. హెడ్మాస్టర్ గారు కన్వీనర్, అంతే. ఛైర్మన్, వైస్ ఛైర్మన్ ఇద్దరూ ఎన్నికైన తల్లిదండ్రుల నుంచే రావాలి, ఆ ఇద్దరిలో కనీసం ఒకరు మహిళ.

కాగితం మీద ఇంత చక్కగా ఉంది కదా, ఎన్నిక రోజు బడికి వెళ్లి చూడండి.

నోటీసు బోర్డు మీద తరగతివారీ ఓటర్ల జాబితా అంటిస్తారు. ఒక్కో తరగతి గదిలో ఆ తరగతి తల్లిదండ్రులు పిల్లల బెంచీల్లోనే ఇరుక్కుని కూర్చుంటారు. సగం మంది వస్తేనే కోరం. మంగళవారమో బుధవారమో పెడితే కూలికి పోయే తల్లి ఆ పూట సంపాదన వదులుకుని రావాలి. పది దాటినా కోరం చాలదు. ఆయమ్మ వీధిలోకి వెళ్లి పిలుచుకొస్తుంది. తర్వాత చేతులెత్తే ఓటు. ఇక్కడే ఉంది కిటుకంతా. గదిలో ఓ మూల వార్డు నాయకుడి మనిషి నిలబడి ఉంటాడు. ఆయన చూస్తుండగా, ఆయన చెప్పిన పేరు కాదని ఇంకొకరికి చెయ్యెత్తడం అందరి వల్లా అయ్యే పనేనా? సభ్యుల ఎన్నిక కాగానే ఛైర్మన్ ఎన్నిక, ఆ వెంటనే ప్రమాణం, తొలి సమావేశం. ఒక్క రోజులో తంతు ముగుస్తుంది.

మర్నాడు పేపర్లో 'ఏకగ్రీవం' అని గొప్పగా వేస్తారు. పార్టీల వాళ్లు కొట్టుకుని ఎన్నిక వాయిదా పడ్డ చోట్లూ ఉన్నాయి, అవీ చదివారు. రెండూ ఒకే జబ్బు. మొదటిచోట ఒక పార్టీదే పైచేయి, రెండోచోట ఇద్దరిదీ సమాన బలం. రెండుచోట్లా తల్లిదండ్రులు ప్రేక్షకులే.

ఇంకో సంగతి, ఆడవాళ్లు నొచ్చుకోకండి, మగవాళ్లు నొచ్చుకోండి. ఛైర్మన్‌గా ఎన్నికయ్యేది లక్ష్మమ్మ, మీటింగుకొచ్చి కుర్చీలో కూర్చునేది ఆమె భర్త. తీర్మానాల పుస్తకం మాత్రం ఇంటికొస్తుంది. 'సంతకం పెట్టమ్మా' అంటారు, ఆమె పెడుతుంది. ఏ తీర్మానానికి పెట్టిందో ఆమెకు తెలియదు.

అయినా ఎందుకు నిలబడాలంటారా? డబ్బు లెక్క చూసే హక్కు కోసం. బడి అభివృద్ధి ప్రణాళిక రాయాల్సింది ఈ కమిటీయే, నిధుల ఖర్చు మీద కన్నేసి ఉంచాల్సిందీ ఇదే. సమగ్ర శిక్ష పథకం కింద బడికి ఏటా ఒక గ్రాంటు ఉంది. పిల్లలు 30 లోపుంటే 10 వేలు, 100 వరకు 25 వేలు, 250 వరకు 50 వేలు, వెయ్యి వరకు 75 వేలు, ఆపైన లక్ష. అందులో పదో వంతైనా శుభ్రతకు పెట్టాలి. ఈ అంకెలు తెలిసిన తల్లి 'మరుగుదొడ్డికి తలుపు ఎందుకు లేదండీ' అని అడిగే తీరే వేరు. అది వేడుకోవడం కాదు, లెక్క అడగడం.

2019లో మన రాష్ట్రంలో మొదలైన బడుల మరమ్మతు పథకం నాడు–నేడులో కాంట్రాక్టర్లను పక్కనపెట్టి పనులు తల్లిదండ్రుల కమిటీల చేతికిచ్చారు. ఆ పథకం మీద మీకు ఏ అభిప్రాయమైనా ఉండనీయండి. సిమెంటు బస్తాలు లెక్కపెట్టుకుని, గోడ పగుళ్లిస్తే ఇంజినీరును నిలదీసిన తల్లులూ ఉన్నారు, చెక్కు మీద కళ్లు మూసుకుని సంతకం చేసినవాళ్లూ ఉన్నారు. నియమాలు ఒకటే, తేడా అంతా మనుషుల్లో ఉంది.

ప్రభుత్వాల తప్పూ ఉంది, దాచక్కర్లేదు. పదవీకాలం రెండేళ్లన్నారు. 2021 సెప్టెంబరులో ఎన్నిక జరిగితే మళ్లీ 2024 ఆగస్టు దాకా ఊసు లేదు. తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలని మహిళా సంఘాల చేతికి బడి పనులు అప్పగించారు. అక్కడ పని చకచకా జరగొచ్చు. కానీ సంఘం నాయకురాలి పిల్లలు ఆ బడిలోనే చదవాలని లేదు కదా. నా పిల్లవాడు కూర్చునే గది కప్పు కురుస్తుంటే నాకుండే తొందర ఇంకొకరికి ఉండదు. అందుకే తరగతికి ముగ్గురు అన్న పాత పద్ధతే మేలంటాను.

నిలబడాలనుకునేవాళ్లకు ఓ మాట. పార్టీ కండువా ఇంట్లో పెట్టి రండి. గెలిచిన రోజు దండలు వేయించుకోండి, తప్పులేదు. తొలి సమావేశంలోనే క్యాష్ బుక్, పాస్ బుక్ చూపించమని మర్యాదగా అడగండి. హెడ్మాస్టర్ గారిని శత్రువుగా చూడొద్దు. చాలా చోట్ల ఆయన కూడా ఓ గట్టి కమిటీ కోసమే ఎదురుచూస్తుంటారు, పై అధికారికి తాను చెప్పలేనిది మీ తీర్మానం చెబుతుందని.

ఈసారి బడిలో ఓటర్ల జాబితా అంటించగానే వెళ్లి మీ పేరు చూసుకోండి. లేకపోతే ఆ రోజే అడిగి రాయించుకోండి. ఉంటే ఎన్నిక రోజు కోరం కోసమైనా ఓ గంట రండి. పోటీ గట్టిగా ఉంటే రహస్య ఓటింగ్ పెట్టమని నోరు తెరిచి అడగండి. ఇక్కడున్న అమ్మల్లో కనీసం ఒకరైనా ఆ రోజు నిలబడాలని నా కోరిక.