క్యాంపు బకెట్‌లో గొడుగు తుంగ – ఎపిసోడ్ పూర్తి పాఠం

నేను దుబాయ్‌లో కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌ని. మాది జగిత్యాల జిల్లా. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేసి ఇరవై రెండేళ్లప్పుడు ఈ దేశం వచ్చిన, ఇప్పుడు నలభై నాలుగు. మైకు ముందర మాట్లాడుడు ఇదే మొదటిసారి, తప్పులుంటే ఏమనుకోకండి. పోయిన నెల ఒక తమ్ముడు ఈ పాడ్‌కాస్ట్‌కి మెసేజ్ పెట్టిండట, "క్యాంపులో రూమ్ ముందర ఏదన్న పచ్చగా పెంచుకోవాలంటే ఏం బతుకుతది అన్నా?" అని. నాకు పదిరకాల మొక్కలు తెలియవు. ఒక్కటే తెలుసు. దాన్ని ఒకసారి చంపి, మళ్లీ బతికించి నేర్చుకున్న. ఆ ఒక్కదాని గురించే చెప్తా.

నర్సరీలో దీన్ని అంబ్రెల్లా పామ్ అంటారు. పామ్ కాదు, తాటి జాతీ కాదు. ఇది మన తుంగ. సైపరస్ కుటుంబం. పొలంలో మనం తిట్టుకుంటూ పీకే తుంగకు ఇది అక్క అనుకోండి. ఈజిప్టు వాళ్లు పూర్వం కాగితం చేసిన పపైరస్ కూడా ఈ ఇంటిదే. సన్నటి కాడ నిలువుగా లేస్తుంది, కొసన ఆకులు చుట్టూ విచ్చుకుని గొడుగు లాగ ఉంటుంది. నిజానికి అవి ఆకులు కావు, పువ్వు కింద ఉండే రేకుల్లాంటివి. అసలు ఆకులు మొదట్లో కాడను చుట్టుకున్న గోధుమరంగు పొరలే. నేను దీన్ని గొడుగు తుంగ అంటా. మా రూమ్‌లో అందరూ ఇప్పుడు అదే పేరు అంటున్నారు.

మా అమ్మకు వీడియో కాల్‌లో చూపిస్తే ఒక్కటే నవ్వుడు. "నేను బతుకంతా తుంగ పీకినా, నువ్వు దుబాయ్ పోయి తుంగకు నీళ్లు పోస్తున్నవా?" అన్నది. నిజమే. మా మడిలో తుంగ పీకీ పీకీ ఆమె నడుము వంగింది. పైన తెంపితే కింద గడ్డ మిగులుతుంది, పది రోజులకు మళ్లీ లేస్తుంది. ఆ మొండితనమే ఇక్కడ నాకు పనికొచ్చింది.

మొక్క నా చేతికి ఎట్లొచ్చిందో చెప్తా. 2021 చలికాలంలో ఒక విల్లా ప్రాజెక్టులో ఉన్నం. ముందర చిన్న నీళ్ల కుండీ, దాంట్లో ఈ మొక్కలు. హ్యాండోవర్‌కు రెండు వారాల ముందు డిజైన్ మారింది, కుండీ తీసేసి టైల్స్ వేయమన్నరు. మొక్కలు స్కిప్‌లో పడ్డయి. ఇంజినీర్‌ని అడిగి ఒక దుబ్బు సిమెంటు సంచిలో చుట్టి క్యాంపుకు తెచ్చిన. అది మొదటి తప్పు. సంచి దులిపిన గాని కడగలేదు. సిమెంటు నీళ్లు ఎంత ఘాటో మన చేతులకు తెలుసు, వేర్లకు తెలియదా? పోనీ, అప్పటికి బతికింది. చలికాలం కాబట్టి.

అసలు దెబ్బ జూన్‌లో పడింది. ఇక్కడ కొత్తగా వచ్చినవాళ్లకు చెప్తున్న: ఎండాకాలంలో క్యాంపు కుళాయిలో చన్నీళ్లు అనేవి ఉండవు. ట్యాంకు మిద్దె మీద ఉంటుంది, మధ్యాహ్నానికి నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతాయి. నేను ఏం చేసిన? జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని బంద్ కదా, ఆ బ్రేక్‌లో ఒకరోజు రూమ్‌కు వచ్చి, "పాపం ఎండిపోయింది" అని రెండు మగ్గులు కుళాయి నీళ్లు పోసిన. నాలుగు రోజులు అట్లనే. ఐదో రోజుకు కాడలు మొదట్లో మెత్తబడ్డయి, వారానికి మొత్తం గడ్డి రంగు.

నాకు నా మీదనే కోపం వచ్చింది. మేము కాంక్రీట్ పోసేటప్పుడు థర్మామీటర్ పెట్టి చూస్తం. స్పెక్‌లో 32 డిగ్రీలని ఉంటే 33 వచ్చినా ట్రక్కును వెనక్కి పంపుతం. ఎండాకాలంలో రాత్రిపూట పోస్తం, ఐస్ కలిపిస్తం. కాంక్రీట్‌కు ఇంత చేసేటోడు, ప్రాణమున్న దానికి కాగిన నీళ్లు పోసిండు.

పారేద్దామని బకెట్ తిప్పితే అడుగున ఒక గడ్డ గట్టిగా తగిలింది. గోరుతో గీకితే లోపల తెల్లగా ఉంది. అమ్మ మాట గుర్తొచ్చింది, గడ్డ ఉంటే తుంగ చావదని. నీడలో పెట్టి వదిలిన. అక్టోబర్‌లో రెండు మొనలు లేచినయి.

ఇప్పుడు పద్ధతి చెప్తా, కాగితం దగ్గర పెట్టుకోండి. నీళ్లు తెల్లారుజామున నాలుగున్నర, ఐదుకు పట్టాలి. రాత్రే బకెట్‌లో పట్టి రూమ్‌లో పెట్టుకున్నా మంచిదే. ఏసీ నీళ్లు వాడొచ్చు. చాలామంది భయపడతారు గాని, ఏసీ కాయిల్ మీద చెమ్మ చేరి కారే నీళ్లు అవి, ఉప్పు అనేదే ఉండదు. ఉప్పు లేకపోవడం మంచిదే గాని సత్తువ కూడా ఉండదు. ఏసీ నీళ్లే పోస్తుంటే మొక్క పసుపు పచ్చగా పాలిపోతుంది. అందుకని అక్టోబర్ నుంచి మార్చి దాకా నెలకొకసారి మామూలు ఎన్‌పీకే ఎరువు, ప్యాకెట్ మీద రాసినదాంట్లో సగం. జూలై, ఆగస్టులో ఏమీ వేయొద్దు. మా రూమ్‌లో ఒకాయన బియ్యం కడిగిన నీళ్లు పోసేటోడు ప్రేమగా. బొద్దింకలొచ్చినయి, అందరం కలిసి ఆపించినం.

మట్టి విషయం. సైట్‌లో కనపడ్డ ఇసుక తెచ్చి వేయకండి. సముద్రం పక్క ఇసుకలో ఉప్పు ఉంటుంది. ఇక్కడ నర్సరీల్లో స్వీట్ సాయిల్ అని అమ్ముతారు, అది రెండు వంతులు, కడిగిన ఇసుక ఒక వంతు. ఎండ పొద్దున పది, పదకొండు దాకా తగిలితే చాలు. పడమటి ఎండ తగిలితే గొడుగు కొసలు మాడిపోతాయి. బకెట్ తెల్లది తీసుకోండి, నలుపు వద్దు. నేను కాంక్రీట్ క్యూరింగ్‌కు వాడే గోనెగుడ్డ ముక్క బకెట్ చుట్టూ కట్టి తడుపుతా. దుమ్ముగాలి లేచిన తెల్లారి గొడుగులను నీళ్లతో కడగాలి. ముసలి కాడలు పండిపోతే మొదటికి కోసెయ్యండి. అది రోగం కాదు, కొత్తవి వస్తున్నాయని.

ఇక 2024 సంగతి. ఏప్రిల్ 16న పడ్డ వాన మీ అందరికీ గుర్తుంటుంది. ఈ దేశంలో 75 ఏళ్లలో అంత వాన లేదన్నరు, అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో ఒక్క రోజులోపే 254 మిల్లీమీటర్ల పైన పడింది. మా క్యాంపు వాకిట్లో మోకాలు దాకా నీళ్లు. తగ్గినంక దోమలు. క్యాంపు ఇన్‌చార్జ్ వచ్చి నీళ్లు నిలిచే వస్తువు ఏది కనిపించినా బయట పారెయ్యాలి, రెండు రోజులు టైమ్ అని చెప్పిండు. అప్పటికి నావి ఏడు బకెట్లు. ప్రతి దాంట్లో మట్టి పైన రెండు అంగుళాల నీళ్లు. నీళ్లలో పెరిగే మొక్క అని నేను అట్లనే పెట్టేటోణ్ణి.

ఇక్కడ ఒక మాట దాయొద్దు. నాకు ఆ రోజు చాలా కోపమొచ్చింది. కానీ ఆయన చెప్పింది న్యాయం. పక్క బ్లాక్‌లో ఇద్దరికి జ్వరాలు. డెంగీ దోమ మురికి కాలువలో పెట్టదు గుడ్లు, ఇట్లాంటి బకెట్ల గోడకే, నీటి అంచు పైన అంటిస్తుంది. నీళ్లు పారబోసినా ఆ గుడ్లు నెలల కొద్దీ ఎండి ఉండి, మళ్లీ తడి తగిలితే పొదుగుతాయి. అంటే నీళ్లు మార్చి ఊరుకుంటే సరిపోదు, గోడను రుద్ది కడగాలి.

అప్పుడు మా రూమ్ తమ్ముడొకడు ఉండె, నిర్మల్ పిల్లోడు, ఇరవై మూడేళ్లు, హెల్పర్. ఆ ఫిబ్రవరిలోనే వాళ్ల నాయిన పోయిండు. వచ్చి రెండు నెలలే, మిత్తికి తెచ్చిన అప్పు నెత్తి మీద. పోతే తిరిగి రావడానికి టికెట్ డబ్బులు లేవని పోలేదు. ఫోన్‌లోనే చూసిండు అంతా. అప్పటి నుంచి మాట బంద్. డ్యూటీ, అన్నం, మంచం. ఒక్కటే పని అడక్కుండా చేసేది, తెల్లారుజామున లేచి ఈ బకెట్లకు నీళ్లు పోసుడు. నేను చెప్పలేదు, వద్దని కూడా అనలేదు. బకెట్లు పారేస్తున్నమని చెప్తే వాడు నోరు తెరిచిండు. "వీటికి పైన నీళ్లు ఎందుకన్నా? మా మడి పక్కన తుంగ గట్టు మీద కూడా ఉంటది కదా. కింద పదునుంటే చాలదా?"

ఇరవై ఏండ్లకు పైన రిటైనింగ్ గోడలకు వీప్ హోల్స్ పెట్టించిన నాకు ఆ ఆలోచన రాలేదు. ఆ రాత్రే ఇద్దరం కూర్చున్నం. ఐదు బకెట్లు పారేసినం, రెండు ఉంచినం. మట్టి మట్టం కన్నా రెండు అంగుళాల కింద, పక్క గోడకు డ్రిల్‌తో రంధ్రం. ఎక్కువైన నీళ్లు అక్కడినుంచే పోతాయి, పైకి రావు. రంధ్రానికి లోపలి నుంచి దోమతెర ముక్క. మట్టి మీద ఒక అంగుళం మందం కడిగిన కంకర. నిలువుగా ఒక పీవీసీ పైపు ముక్క అడుగు దాకా, పైన మూత. నీళ్లు పోసేది దాంట్లోనే, సన్న పుల్ల దించితే ఎంత నీరుందో తెలుస్తుంది. అడుగున ఇంకో రంధ్రం, రబ్బరు బిరడా. నెలకొకసారి బిరడా తీసి, పైనుంచి నీళ్లు పోసి ఉప్పంతా కడిగెయ్యాలి. బ్లాక్ గోడ మీద తెల్లగా పొంగే ఉప్పు చూస్తరు కదా, మట్టి మీద అట్ల తెల్ల పొర కనిపిస్తే నెల ఆగొద్దు.

ఇన్‌చార్జ్ వచ్చి కంకరలో వేలు పెట్టి చూసిండు, మూత తీసి చూసిండు. "ఈ రెండూ ఉండనీ" అన్నడు. మొక్కకు ఏమీ తక్కువ కాలేదు. జూలైలో ఒక్కో బకెట్ రోజుకు రెండు లీటర్ల పైన తాగుతుంది, అది మాత్రం మర్చిపోవద్దు. ఒక్కరోజు పూర్తిగా ఎండితే కొసలు గోధుమరంగు అయిపోతాయి.

పిలకలు ఎట్ల చేయాలని అడుగుతరు. చాలా సులువు. మంచి గొడుగు ఒకటి, రెండు అంగుళాల కాడతో కత్తిరించండి. రేకులను సగానికి కత్తెరతో కోయండి. దాన్ని తలకిందులుగా, అంటే గొడుగు నీళ్లలో, కాడ పైకి ఉండేట్టు పెట్టండి. కాడ నీళ్లలో పెడితే కుళ్లిపోతుంది, నేను మూడుసార్లు అట్లనే చేసిన. వేర్లు వచ్చేది గొడుగు మధ్యలోంచి. చెరువు గట్టున కూడా కాడ బరువుకు వంగి గొడుగు నీళ్లకు తగిలితే అక్కడే కొత్త మొక్క లేస్తుంది. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. నీళ్లు మూడు రోజులకొకసారి మార్చాలి, దోమ సంగతి చెప్పిన కదా. దుబ్బు విడదీయాలంటే అక్టోబర్, నవంబర్‌లో, పాత హ్యాక్సా బ్లేడుతో. జూన్‌లో ముట్టుకోవద్దు.

ఇంటికి పట్టుకపోదామని చూడకండి. ఇండియాకు మొక్కలు తేవాలంటే పర్మిట్, మొక్కకు ఆరోగ్య ధ్రువపత్రం కావాలి, ఎయిర్‌పోర్ట్‌లో తీసుకుంటరు. కడియం నర్సరీల్లోనే దొరుకుతుంది ఇది. తెచ్చినా కాలువలో, చెరువులో మాత్రం వేయకండి. చాలా దేశాల్లో ఇట్లనే తోటల్లోంచి నీళ్లలోకి పోయి ఆగకుండా అల్లుకుంది. మన రైతులకు ఉన్న తుంగ చాలు.

పోయిన ఏడాది నేను సెలవు మీద నలభై రోజులు ఊరు పోయిన. జూన్‌లో. బకెట్లు తమ్ముడే చూసుకున్నడు, రోజూ తెల్లారి ఒక ఫొటో పెట్టేటోడు, కింద ఒక్క మాట ఉండదు, ఫొటో ఒక్కటే. నేను తిరిగొచ్చినంక వాడికి రువైస్ సైట్‌కు ట్రాన్స్‌ఫర్ పడింది. బస్సు ఎక్కేటప్పుడు చేతిలో కోసిన కూల్‌డ్రింక్ బాటిల్ ఒకటి, దాంట్లో రెండు గొడుగులు తలకిందులుగా. డ్రైవర్ నీళ్లు ఒలుకుతాయని గులిగిండు. తమ్ముడు బాటిల్‌ను కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నడు.