లాప్‌టాప్‌లో వస్తుంది, ఫోన్‌లో రాదు: చిన్న వెబ్ సర్వర్ పెట్టుకుందాం, సరిచేసుకుందాం

తెనాలి నుంచి ఇంకో ఎపిసోడ్‌తో వచ్చేశాను. "అన్నా, నా యాప్ లాప్‌టాప్‌లో బాగానే ఓపెన్ అవుతోంది, ఫోన్‌లో మాత్రం రావట్లేదు" అని చాలామంది అడుగుతున్నారు. ఈ దెబ్బ నేనూ తిన్నాను. ముందు అది చెప్తాను.

రేపల్లెలో మా బాబాయికి రొయ్యల మేత షాపు ఉంది. బాకీలన్నీ పుస్తకంలోనే. బీటెక్ ఫైనల్ ఇయర్‌లో ఉండగా ఆయన కోసం ఫ్లాస్క్‌తో చిన్న ఖాతా యాప్ రాశాను. ఒక ఆదివారం తెనాలిలో రేపల్లె బండి ఎక్కి వెళ్ళి, షాపులో నలుగురు రైతుల ముందు లాప్‌టాప్ తెరిచి చూపించాను. బాబాయి మురిసిపోయాడు. "ఏదీ, నా ఫోన్‌లో చూపించరా" అన్నాడు. ఇద్దరం ఒకే వైఫైలో ఉన్నాం. ఆయన ఫోన్‌లో లోకల్‌హోస్ట్ అని కొట్టాను, రాలేదు. లాప్‌టాప్ ఐపీ కొట్టాను, అదీ రాలేదు. పావుగంట చెమటలు పట్టాయి. చివరికి ఆయనే "పోనీలేరా, పుస్తకం ఉందిగా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

తప్పులు రెండు. లోకల్‌హోస్ట్ అంటే "మా ఇల్లు" లాంటి మాట. నేనంటే తెనాలి ఇల్లు, బాబాయి అంటే రేపల్లె ఇల్లు. లాప్‌టాప్‌లో కొడితే లాప్‌టాప్, ఫోన్‌లో కొడితే ఆ ఫోనే. ఫోన్‌లో సర్వరే లేదు, ఇంకేం వస్తుంది? రెండోది, ఫ్లాస్క్‌కి మనం ఏమీ చెప్పకపోతే 127.0.0.1 మీద, పోర్ట్ 5000లో మాత్రమే వింటుంది. అంటే ఇంట్లోవాళ్ళు పిలిస్తేనే పలుకుతుంది. హోస్ట్ 0.0.0.0 అని ఇస్తే వీధి తలుపు కూడా తీసినట్టు.

ఇప్పుడు మీరూ చేసి చూడండి. పైథాన్ ఉంటే చాలు. మీ హెచ్‌టీఎంఎల్ ఫైల్స్ ఉన్న ఫోల్డర్‌లో టెర్మినల్ తెరిచి, పైథాన్3, స్పేస్, మైనస్ ఎం, స్పేస్, హెచ్‌టీటీపీ డాట్ సర్వర్, స్పేస్, 8000 అని కొట్టండి. విండోస్‌లో అయితే చాలాసార్లు ఉత్త పైథాన్ అంటే సరిపోతుంది. సర్వర్ రెడీ. విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ అని కొడితే ఐపీవీ4 అడ్రస్ కనిపిస్తుంది. ఫోన్ బ్రౌజర్‌లో హెచ్‌టీటీపీతో మొదలుపెట్టి ఆ నంబర్, కోలన్, 8000. ఎస్ పెట్టకండి, ఈ కమాండ్‌తో పెట్టిన సర్వర్‌కి హెచ్‌టీటీపీఎస్ రాదు.

లాప్‌టాప్ లేదా? ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ వేసుకుని పైథాన్ ఇన్‌స్టాల్ చేసినా ఇదే కమాండ్ నడుస్తుంది. టెర్మక్స్‌లో ఎన్‌జిన్‌ఎక్స్ కూడా దొరుకుతుంది. ఇగోర్ సిసోయెవ్ 2004లో బయటపెట్టిన సర్వర్ అది. తక్కువ మెమరీతో వేల కనెక్షన్లు పట్టుకోవడం దాని ప్రత్యేకత. మామూలుగా 80 మీద నడిచేది, టెర్మక్స్‌లో 8080 మీద నడుస్తుంది. ఎందుకంటే 1024 కంటే తక్కువ పోర్టులకి రూట్ పర్మిషన్ కావాలి.

రాకపోతే కంగారుపడి అన్నీ మార్చేయకండి. ఎర్రర్ చదవండి, పని ఎక్కడ ఆగిందో అదే చెప్తుంది. షాపుకి బయల్దేరారనుకోండి.

కనెక్షన్ రిఫ్యూజ్డ్: షాపు దాకా వెళ్ళారు, షట్టర్ వేసుంది. సర్వర్ నడవట్లేదు, లేదా పోర్ట్ తప్పు, లేదా నాలాగా 127.0.0.1 దగ్గరే ఆగిపోయారు.

టైమ్డ్ అవుట్: దారిలోనే ఆగిపోయారు. ఫైర్‌వాల్ అడ్డుపడుతుండొచ్చు, రెండూ వేరే నెట్‌వర్క్‌లో ఉండొచ్చు. బాపట్లలో మా ఫ్రెండ్ ఒకడు హాస్టల్ వైఫైలో రాత్రంతా కొట్టుకున్నాడు. కోడ్‌లో తప్పేం లేదు. కొన్ని వైఫైలు ఒక డివైస్‌ని ఇంకో డివైస్‌తో మాట్లాడనివ్వవు. ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి, లాప్‌టాప్‌ని దానికి కలిపితే వచ్చేసింది. ఐపీ మారుతుంది, మళ్ళీ చూసుకోండి.

404: షాపు తెరిచే ఉంది, అడిగిన సరుకు లేదు. సర్వర్‌ని వేరే ఫోల్డర్‌లో స్టార్ట్ చేసుంటారు, లేదా ఫైల్ పేరు తప్పు.

502: ఎన్‌జిన్‌ఎక్స్ పలుకుతోంది, వెనకాల మీ యాప్ పడిపోయింది.

అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్: పాత సర్వర్ ఇంకా ఆ పోర్ట్‌ని పట్టుకుని కూర్చుంది. లినక్స్‌లో, టెర్మక్స్‌లో కంట్రోల్ జెడ్ కొడితే సర్వర్ పోదు, నిద్రపోతుంది. ఎఫ్‌జీ అని కొట్టి లేపి, కంట్రోల్ సీ కొట్టండి.

ఒక జాగ్రత్త. వీధి తలుపు తీశాక ఆ నెట్‌వర్క్‌లో ఉన్న ఎవరైనా లోపలికి రావచ్చు. ఆధార్ కాపీలున్న ఫోల్డర్‌లో సర్వర్ పెట్టకండి. ఫ్లాస్క్ డీబగ్ మోడ్ ఆపేయండి. రైల్వే స్టేషన్ వైఫైలో అసలొద్దు. ఇవి డెవలప్‌మెంట్‌కి మాత్రమే, నలుగురికీ ఇచ్చే సైట్‌కి కాదు.

తర్వాత ఆదివారం మళ్ళీ రేపల్లె వెళ్ళాను. బాబాయి ఫోన్‌లోనే హాట్‌స్పాట్ పెట్టి, మొబైల్ డేటా ఆపేసి చూపించాను. ఒక్క ఎంబీ ఖర్చు లేకుండా ఖాతా వచ్చింది. ఆ షాపులో పుస్తకం ఇప్పటికీ ఉంది. కానీ ఎవరైనా "నా బాకీ ఎంత?" అంటే ముందు ఫోన్ తీస్తాడు.

మీకు ఏ ఎర్రర్ వస్తుందో అక్షరం పొల్లుపోకుండా కామెంట్‌లో పెట్టండి. "రావట్లేదన్నా" అంటే నాకేం అర్థం కాదు. మళ్ళీ కలుద్దాం, బై!