గంజాయి - జ్ఞాపకశక్తి



గంజాయి త్రాగినచో బుద్ధి వికసించునని కొందఱు యువకులు నమ్ముచున్నారు. పదాఱవ శతాబ్దమున భావమిశ్రుడు అది జఠరదీప్తిని కలిగించునని చెప్పుచునే, మోహమును మదమును పెంచునని వ్రాసెను. గుణము దాచలేదు, దోషము విడువలేదు. వైద్యుడనగా అట్లుండవలెను.

దాని మత్తుసారమును 1964లో ఇజ్రాయెలు శాస్త్రజ్ఞులు గావోనీ, మెషూలములు వేఱుచేసిరి. మన మెదడునందే అట్టి పని చేయు పదార్థమొకటి కలదని 1992లో తేలగా, మన ‘ఆనంద’ శబ్దముతోనే దానికి ఆనందమైడ్ అని పేరిడిరి. జ్ఞాపకమునకు పట్టుగొమ్మయైన మెదడు భాగమున ఆ పదార్థము చేరవలసిన తావులను గంజాయిసారము ఆక్రమించుకొనును.

నేను పద్దులు వ్రాయువాడను. కూడికలో పదుల వరుసకు చేర్పవలసిన అంకెను మనసున నిలుపుకొందుము గదా, మత్తులో జాఱిపోవునది అదియే. వాక్యము తుదకు వచ్చునప్పటికి మొదలు గుర్తుండదు. త్రాగినవానికి మాత్రము తన తలపులు మహాగంభీరములుగా తోచును!

న్యూజిలాండు దేశపు డునెడిన్ నగరమున 1972-73లో పుట్టిన వేయిమందిని 38 ఏండ్ల ప్రాయమువఱకు పరీక్షించిరి. కౌమారముననే మొదలిడి విడువక త్రాగినవారి బుద్ధిమానము సుమారు 8 అంకెలు తగ్గెనని 2012లో ప్రకటించిరి. కవలలను పరిశీలించినవారు 2016లో దీని నొప్పుకొనలేదు. ఆ తగవు తీరలేదు గాని, త్రాగిన పూట కలుగు మఱపునుగూర్చి తగవు లేదు. పరీక్షకు కూర్చుండు పిల్లవానికి అది చాలదా?

కోదాడమీదుగా పోవు హైదరాబాదు–విజయవాడ రహదారిపై ఈ సరకు పలుమాఱులు పట్టుబడినది. చిలుకూరు బాలురకు ఇది దూరదేశపు వస్తువు కాదు.