బండిలో పాడే పాట



నూజివీడు చుట్టుపక్కల తండాల నుంచి మన బృందం ప్రోగ్రాముకు వెళ్ళే రోజు తెల్లవారకముందే మొదలవుతుంది. అద్దాలు కుట్టిన ఫేటియాలు, కాంచ్లీలు మూటకట్టి, నగారా బండెక్కించి, మామిడి తోటలు దాటి హనుమాన్ జంక్షన్ దగ్గర పెద్ద రోడ్డు ఎక్కుతాం. అక్కడికి చేరాక గంటల తరబడి ఎండలో ఎదురుచూపు. వేదిక మీద దొరికేది పది నిమిషాలు. అందులోనూ కొందరు 'సినిమా పాట పెట్టండి' అంటారు.

అసలు పాట తిరుగు ప్రయాణంలో వినాలి. పెద్ద యాడీలు తీజ్ పాటలు, పెళ్ళికూతురి ఢావ్లో అందుకుంటారు. వెనక సీట్లో మన పిల్లల చెవుల్లో ఇయర్‌ఫోన్లు! గోర్‌బోలికి సొంత లిపి లేదు. ఆ యాడీలతోనే ఆ పాటలూ పోతాయి.

యూరప్‌లోని రోమాల భాషదీ మన గోర్‌బోలిలాగే ఉత్తర భారత భాషల కుటుంబమే. రుమేనియాలోని క్లెజాని గ్రామపు రోమా కళాకారులు 'తరాఫ్ ద హైదూక్స్' పేరుతో 1991లో తొలి ఆల్బమ్ తెచ్చారు. ఊరి పాటలతోనే దేశదేశాలు తిరిగారు.

అందుకే మనం రెండు పనులు చేద్దాం. ఈసారి బండెక్కితే ఫోనులో ఆ పాటలు రికార్డు చేద్దాం. పాడిన యాడీ పేరు, తండా పేరు రాసుకుందాం. పిలిచినవాళ్ళకు ముందే చెబుదాం: బండి ఖర్చు, భోజనం, కూలి ఇవ్వాలి, పాట మాత్రం మనదే పాడతాం.

జై సేవాలాల్!