రేవులో దిగే సరుకు



మీలో చాలామంది గ్యాసు పొయ్యి మీద వండుతున్నారు కదా. ఆ గ్యాసు ఎక్కడిది? మన దేశం వాడే వంట గ్యాసులో సగానికి పైగా పరాయి దేశాల నుంచి వస్తోంది. ఓడల మీద వస్తోంది. ఆ ఓడలు ఆగే చోట్లలో విశాఖపట్నం రేవు ఒకటి.

ఈ రేవు 1933లో మొదలైంది. అంతకుముందు అక్కడ చిత్తడి నేల, ఉప్పుటేరు ఉండేవి. పక్కనే ఒక కొండ సముద్రంలోకి పొడుచుకు వచ్చి ఉంది. దాన్ని డాల్ఫిన్స్ నోస్ అంటారు. పెద్ద గాలికి, అలకు ఆ కొండే అడ్డు. ఏరు తవ్వి ఓడలకు దారి చేశారు. 1976లో సముద్రం వైపు ఇంకో రేవు కట్టారు. బైలదిల్లా ఇనుప ఖనిజం ఎత్తుకునే పెద్ద ఓడల కోసం అది.

వచ్చిన ఓడ నేరుగా ఒడ్డుకు రాదు. దూరాన లంగరు వేసి వంతు కోసం కాచుకుంటుంది. వంతు వచ్చాక పైలట్ చిన్న పడవలో వెళ్ళి ఓడ ఎక్కుతాడు. రేవు దారి ఆయనకు తెలుసు. టగ్గులు, అంటే బలమైన చిన్న ఓడలు, దాన్ని లాగి, నెట్టి గట్టుకు చేరుస్తాయి.

ఒకప్పుడు కళాసీలు బస్తాలు వీపున మోసేవారు. ఇప్పుడు క్రేన్లు దించుతున్నాయి. చాలా సరుకు కంటైనర్లలో వస్తుంది. అవి 20 అడుగుల, 40 అడుగుల ఇనప పెట్టెలు. పెట్టె పెట్టెగానే ఓడ నుంచి లారీకి మారిపోతుంది. పని తొందరగా అవుతుంది, నిజమే. మోసేవాళ్ళకు కూలి పోయింది, అదీ నిజమే.

గ్యాసు సంగతి చిత్రంగా ఉంటుంది. దాన్ని దాచడానికి భూమిలో సుమారు 200 మీటర్ల లోతున రాతి గుహ తొలిచారు. 2007 నుంచి వాడుతున్నారు. అందులో 60,000 టన్నులు పడుతుంది. అంటే మన ఇంటి సిలిండర్లు 40 లక్షలకు పైమాటే! చుట్టూ రాతిలో ఉన్న నీరు ఒత్తిపట్టి గ్యాసును బయటికి పోనివ్వదు.

బొగ్గుకు అలాంటి గుహ లేదు. ఉక్కు ఫ్యాక్టరీల కోసం వచ్చే బొగ్గును ఏళ్ళ తరబడి ఆరుబయటే గుట్టలు పోశారు. గాలి వీస్తే నల్లటి దుమ్ము పాతపట్నం ఇళ్ళ మీద పడేది. ఆరేసిన చీర నల్లబడేది. పిల్లలకు దగ్గు. అక్కడి ఆడవాళ్ళను అడిగితే చెబుతారు. జనం గోల పెట్టాక గుట్టల మీద నీళ్ళు చల్లడం, పట్టాలు కప్పడం, మూసిన షెడ్లు కట్టడం వచ్చాయి. అయినా దుమ్ము పూర్తిగా పోలేదు.

దుమ్ము పడితే కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ పెట్టవచ్చు. ఏ తేదీన పడింది, ఏ వీధిలో పడింది, ఎవరికి జబ్బు చేసింది, ఇవి రాస్తే చాలు.

ఇంకొకటి ఉంది. కొత్త రేవు కట్టాలన్నా, ఉన్నదాన్ని బాగా పెంచాలన్నా మామూలుగా ముందు ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టాలి. 2006 నాటి కేంద్ర ప్రభుత్వ ఉత్తర్వు అది. సభకు కనీసం 30 రోజుల ముందు తెలుగు పత్రికలో ప్రకటన వేయాలి. పేపరులో ఆ ప్రకటన కనబడితే తేదీ, చోటు రాసుకోండి. పక్కింటివాళ్ళకు చదివి చెప్పండి. సభలో ఎవరైనా మాట్లాడవచ్చు. ఎవరేమన్నారో రాసిన కాగితాన్ని చివర్లో అక్కడే తెలుగులో చదివి వినిపించాలి. ఆ తర్వాతే కలెక్టరు గానీ, ఆయన తరఫు అధికారి గానీ సంతకం చేస్తారు. మీరన్న మాట అందులో లేకపోతే, సంతకం పడకముందే లేచి అడగండి.