మోకాలు – తరము

ఐర్లాండు దేశపు భాషలో "గ్లూన్" అను మాట కలదు. దాని అర్థము మోకాలు. తరము అను అర్థమును ఆ మాటకే కలదు. తండ్రిది ఒక గ్లూన్, కొడుకుది మరియొక గ్లూన్. చెఱకుగడకు కణుపులవలె వంశమునకు తరములు కీళ్లని ఆ దేశపు పెద్దలు తలచిరి కాబోలునని మేము అనుకొందుము.

ఈ మాట మనకు బొత్తిగా పరాయిది కాదు. సంస్కృతమునందలి "జాను" శబ్దమునకు అది దూరపు చుట్టము. రెండును ఒకే మూలమునుండి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. శ్రీరాముని ఆజానుబాహుడని కొనియాడునప్పుడెల్ల మనము ఆ చుట్టమును పిలుచుచునే యున్నాము. మన "మోకాలు" అన్ననో ద్రావిడపు మాట. మోకాలు, మోచేయి అను రెంటియందును "మో" యొకటియే. అరవవారు వీనిని ముళంగాల్, ముళంగై అందురు. ఏలూరు బజారులోను, తాడేపల్లిగూడెములోను పూలమ్మి మోచేతినుండి వ్రేలికొనవరకు కొలిచి యిచ్చు మూరయు ఆ కుటుంబములోనిదే.

కొల్లేటి ప్రాంతమున మోకాలే కొలబద్ద. బుడమేరు, తమ్మిలేరు పొంగి సరస్సులో పడి, ఆ నీటినంతయు ఉప్పుటేరు సముద్రమునకు తీయజాలనప్పుడు, లంక గ్రామములవారు మోకాటిలోతు, మొలలోతు, పీకలలోతు అని చెప్పుకొందురు. 1956లో మెట్రిక్ కొలతలకు చట్టము వచ్చెను. 1999లో కొల్లేటి అభయారణ్యమునకు సముద్రమట్టముపై 5 అడుగుల ఎత్తుగీత హద్దుగా ఏర్పడెను. సరిహద్దులు గీయుటకు అట్టి కొలతయే తగును. వరదరాత్రి గట్టుమీదనుండి కేకవేసి చెప్పు మనిషికి మాత్రము మోకాలే అక్కరకు వచ్చును. చీకటిలో కొలబద్ద నెవరు వెదకుదురు?

అయితే ఆ కొలతతో ఒక చిక్కు కలదు. తాతకు మోకాటిలోతైన నీరు మనుమనికి మొలలోతు. నడక నేర్చిన బిడ్డకు పీకలలోతు. నీరు ఒక్కటే, తరములు మూడు. మోకాటిలోతే కదా యని పెద్దలు ధైర్యము చెప్పిన చోటనే పిల్లవాడు కొట్టుకొనిపోవచ్చును.

కనుక ఇంటి పెద్దలకు మా మనవి యొకటి. వానకాలమున మోకాటిలోతు అను మాట చెవిని పడినచో, వెంటనే "ఎవరి మోకాలు?" అని అడుగుడు. ఇంటిలో అందరికంటె చిన్నవాని మోకాటినే కొలతగా నెంచుడు. ఐర్లాండువారు మోకాలికిని తరమునకును ఒక్క మాటనే ఏల వాడిరో మేము నిశ్చయించి చెప్పజాలము గాని, కొల్లేటి నీటిలో ఆ రెండర్థములును కలిసియే యున్నవి.